భోగిమంటయా? జీర్ణోద్ధారణమా?

ధనుర్మాసము నడుచుచున్నది. వాకిండ్ల ముగ్గులు నానాటికి పెద్దవగుచున్నవి. సున్నపు తొట్లు, రంగు డబ్బాలు, నిచ్చెనలు వీధివీధిని కానవచ్చుచున్నవి. అటకలమీది సామానులు క్రిందికి దిగినవి. ఏడాది కొకమారు ఇంటింటను జరుగు ఈ పరిశుభ్రతాయజ్ఞము మన పండుగల వెంట వచ్చు మంచి యాచారములలో నొకటి. కాని దీనితోపాటు మరియొక దృశ్యమును నేడు కంటబడుచున్నది. కాలు కదలిన కుర్చీ, పేము తెగిన పడకకుర్చీ, రంగు వెలిసిన బల్ల, తలుపు బిగిసిన బీరువా, ఇవి యన్నియు గోడవారగా చేరి తీర్పునకై వేచియుండును. కొన్ని పాతసామానులవాని బండి నెక్కును. కొన్ని భోగినాటి తెల్లవారుజామున మంటలో పడును. వాని స్థానమున, పండుగ తగ్గింపు ధరల ప్రకటనలను చూచి తెప్పించుకొన్న క్రొత్త సామానులు నిలుచును.

ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. ఇంటిలో ఏ కుర్చీ యుండవలెనో, ఏది పోవలెనో పత్రికలు చెప్పవలెనా యని యడుగువారును ఉందురు. నిజమే. కాని యీ తీర్పు ఒక యింటిలో కాదు, అసంఖ్యాకములగు గృహములలో ఒక్క పక్షమునందే జరుగుచున్నది. అందు మన యడవుల కలపయు, మన వడ్రంగుల బ్రతుకును, మన పిల్లల యారోగ్యమును ఇమిడియున్నవి. అందుచే నిది యింటిగుట్టు మాత్రమే కాదు, లోకవ్యవహారము కూడ నగుచున్నది.

ఆచారము, దాని యర్థము

పాతవస్తువులను భోగిమంటలో వేయుట మన యాచారమే కదా యని కొందరందురు. ఆచారమును కాదనుట మా యుద్దేశము కాదు. కాని దాని స్వరూపమును సరిగా తెలిసికొనుట యవసరము. భోగిమంటకు ముఖ్యమైన సామగ్రి పిల్లలు నెలరోజులుగా తట్టి యెండబెట్టిన పిడకలు. ఎండుకొమ్మలు, మోడులు, తాటియాకులు. మరమ్మతునకు లొంగని విరిగిన చెక్కలు. పల్లెటూరి యింటిలో కొయ్యసామాను మిక్కిలి తక్కువగను, విలువగలదిగను ఉండెడిది. తాతనాటి నాగలినే దిద్దించి దున్నుకొను రైతు, తాతనాటి మంచమును బుద్ధిపూర్వకముగా తగులబెట్టెడివాడు కాడు. ఏమరుపాటున వీధి యరుగుపై మంచము విడిచినచో కుఱ్ఱకారు దానిని రాత్రికి రాత్రి యెత్తుకొనిపోయి మంటపాలు చేయుదురను భయమున, ఆ రాత్రి యింటిపెద్దలు కావలి యుండెడివారు. పాతసామానును మంటలో వేయుటయే యాచారమైనచో ఈ కావలి యేల?

సంస్కృతమున 'జీర్ణము' అను మాట కలదు. 'పురాతనము' అను మాట కలదు. ఈ రెండును ఒకటి కావు. జీర్ణమనగా శిథిలమైనది, పురాతనమనగా బహుకాలమునుండి యున్నది. ఏండ్లు చెల్లిన వస్తువెల్లను శిథిలము కాదు. శిథిలమైన దానికైనను మన పెద్దలు విధించినది దహనము కాదు, జీర్ణోద్ధారణము. గోపురము బీటలు వారినచో దేవాలయమును కూల్చుదుమా? చెడిన రాతిని తీసి, మంచిరాతిని నిలిపి, తిరిగి ప్రతిష్ఠ చేయుదుము. దేవాలయమునకు ధర్మమైన పని దేవుని పీటకు, తండ్రి కూర్చున్న కుర్చీకి మాత్రము ఎందులకు ధర్మము కారాదు?

పాతకలప చరిత్ర

తెలుగుదేశపు మధ్యతరగతి యిండ్లలో నేటికిని నిలిచియున్న భోషాణములు, పందిరిమంచములు, ఉయ్యాలబల్లలు, పడకకుర్చీలు సామాన్యమైన కొయ్యతో చేసినవి కావు. కొన్నింటి టేకు గోదావరి పైభాగపు అడవులలో పుట్టి, తెప్పలుగా నదిమీద తేలి రాజమహేంద్రవరము చేరినది. మరికొన్నింటి టేకు బర్మానుండి సముద్రముమీద కోస్తా రేవులకు వచ్చినది. 'రంగూను టేకు' అని మన ముసలివారు గౌరవముతో పలుకుట అందుచేతనే. గోదావరి, విశాఖ మండలములనుండి పొట్టచేతబట్టుకొని రంగూను పోయిన మన కూలీలను అచటివారు కోరంగి రేవుపేరను 'కోరంగీ'లని పిలిచెడివారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా ఆ రాకపోకలు ఛిన్నాభిన్నమైనవి. కావున మన యింటి మూలనున్న పాతబల్ల ఉత్త కొయ్యముక్క కాదు. అందు ఒక యడవియు, ఒక రేవును, ఒక తరమువారి చెమటయు నున్నవి.

ఈ మాట కేవలము అభిమానముచే చెప్పుచున్నది కాదు. అటవీశాఖవారు పెంచిన తోటలలోనైనను టేకు కోతకు వచ్చుటకు సామాన్యముగా ఏబది మొదలు ఎనుబది యేండ్లు పట్టును. తాత నాటిన చెట్టును మనుమడు కోయవలెను. ఎండిన కలప బరువులో దాదాపు సగము బొగ్గుపులుసునకు మూలమైన కర్బనమే. దానిని మంటలో వేసినచో అర్ధశతాబ్దముపాటు చెట్టు గాలినుండి గ్రహించి దాచిన దానిని ఒక్క గడియలో తిరిగి గాలిలో కలిపినవారమగుదుము. బాగుచేసికొని వాడినచో ఇంకొక తరమువరకు అది మన యింటిలోనే నిలిచియుండును.

దీనికి తోడు పాతసామాను నిర్మాణములోనే యొక విశేషమున్నది. దానిని చేసిన వడ్రంగి ఒక చెక్క కొసను కూసముగా చెక్కి, రెండవ చెక్కలో తొలిచిన రంధ్రమున బిగించి, చెక్కమేకు దిగగొట్టెడివాడు. అట్టి కూర్పు ఎప్పుడైనను వదులైనచో విడదీయవచ్చును, తిరిగి బిగింపవచ్చును. అనగా బాగుచేయుటకు వీలుండునట్లే యా వస్తువు పుట్టినది. నేడు బజారులో చవుకగా లభించు సామాను ఎక్కువభాగము కొయ్యపొట్టును, చిన్న పేళ్లను యూరియా ఫార్మాల్డిహైడు జిగురుతో కలిపి, వేడిమిచే నొత్తి తయారుచేసిన పలకలతో కూర్చినది. నీరు తగిలినచో ఆ పలక యుబ్బును. మర యొకమారు ఊడినచో ఆ రంధ్రము తిరిగి పట్టదు. చిత్రిక పట్టుటకు లోపల కొయ్య యుండదు. మన కోస్తా జిల్లాల చెమ్మగాలిలో దాని యాయుర్దాయ మెంతయో కొన్నవారికే తెలియును. నాసిరకపు పలకలనుండి వెలువడు ఫార్మాల్డిహైడు ఆవిరిని గూర్చియు ఏమరియుండరాదు. ఆ పదార్థము మనుష్యులకు పుట్టకురుపు కలిగింపగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది.

అయినను ఏకపక్షముగా వ్రాయుట న్యాయము కాదు. అద్దెయింటినుండి అద్దెయింటికి మారు చిన్న యుద్యోగికి పందిరిమంచము భారమే. మేడమీది రెండు గదులలో భోషాణమున కెడము లేదు. చవుక పలకలవలన సన్నకారు కలపకును, జామాయిలు వంటి తోటలు వేసిన రైతునకును కొంత గిరాకి కలుగుచున్నది. లేనివాడు కొనుటను మేము తప్పుపట్టము. కలిగియున్న మంచి వస్తువును పారవైచి, దానికంటె తక్కువదానిని ఋణవాయిదాలమీద కొనుటయే మేము విమర్శించు విషయము.

వడ్రంగి యేమైనాడు?

బాగుచేయించుకొందమన్నను చేయువాడేడీ యని గృహస్థు లడుగుదురు. ఈ ప్రశ్న సమంజసమైనది. ఒకప్పుడు ప్రతి గ్రామమునను వడ్రంగి యుండెడివాడు. సంవత్సరమునకు ఇంత ధాన్యమని మేర పుచ్చుకొని నాగలి, బండి, తలుపు, మంచము అన్నియు దిద్దెడివాడు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, బండి పోయినది, తలుపులు కార్ఖానానుండి దిగుచున్నవి. మిగిలిన వడ్రంగులు పట్టణములకు పోయి, క్రొత్తగా కట్టు మేడలలో ప్లైవుడ్డు పలకలను కోసి యతికించు పనిలో కుదిరినారు. అచట రోజుకూలి నిశ్చయము. ఒక కుర్చీకాలు బిగించుటకు మూడు వీథులు నడచివచ్చు పనిలో నిశ్చయము లేదు. పైపెచ్చు, పదునొకండు నెలలు జ్ఞప్తికి రాని వడ్రంగి పండుగకు నాలుగురోజుల ముందు అందరికిని ఒక్కమారే కావలసివచ్చును. దొరకనిచో వానిని నిందింతుము. దొరికినచో కూలి యెక్కువయని బేరమాడుదుము.

ఈ బేరములోని యర్థశాస్త్రమును కొంచెము పరిశీలింతము. క్రొత్త కుర్చీకి మన మిచ్చు పైకములో పలకల కార్ఖానాకు, జిగురునకు, రవాణాకు, ప్రకటనలకు, అంగడికి, అప్పుమీది వడ్డీకి పోగా మన యూరి పనివానికి చేరున దేమియు లేదనియే చెప్పవలెను. పాతకుర్చీని బాగుచేయించుటకు మన మిచ్చునది, మేకులకును పాలిషునకును పోయినంత పోగా, తక్కినదంతయు మన వీధిలోని శ్రమజీవి చేతికే చేరును. మన వీధి యంగడిలోనే తిరిగి ఖర్చగును. 1905లో స్వదేశోద్యమము బయలుదేరినప్పుడు మన పెద్దలు చెప్పిన పాఠము ఇంతకంటె వేరుకాదు. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారు పుస్తకవిద్యతోపాటు చేతిపనికిని గౌరవస్థానము నొసంగుటలోని యాంతర్యమును ఇదియే.

ప్రభుత్వము దృష్టికిని ఈ విషయము వచ్చియున్నది. కేంద్రప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17వ తేదీని ప్రారంభించిన 'ప్రధానమంత్రి విశ్వకర్మ' పథకమున 18 వృత్తులను చేర్చిరి. వానిలో వడ్రంగమును, బొమ్మలు చేయుటయు, బుట్టలు చాపలు అల్లుటయు నున్నవి. ఐదేండ్లకు 13,000 కోట్ల రూపాయలు ఉద్దేశింపబడినవి. శిక్షణకాలమున రోజునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, నూటికి 5 వంతున మొదట లక్ష రూపాయలు, పిమ్మట రెండు లక్షల రూపాయల ఋణము లభించునని విధించిరి. ఇది సంతోషింపదగిన యేర్పాటే. కాని ఉలి యిచ్చినంతమాత్రమున చాలదు. ఉలికి పని చూపవలెను. పని లేనివానికి ఋణము రెక్కలకు కట్టిన రాయి వంటిది.

ఆ పనిని చూపగలవారిలో ప్రథములు ప్రభుత్వమువారే. ఏ కచేరి వసారాలోనైనను, ఏ పాఠశాల వెనుకనైనను చూడుడు: 'కండెము' చేసిన కుర్చీలు, బల్లలు కుప్పవడి వానకు తడిసి చెదపట్టుచుండును. వానిలో సగము చిన్న మరమ్మతుతో నిలువదగినవి. వానిని కూలద్రోయించుటకు నియమములున్నవి, వేలమునకు నియమములున్నవి. సకాలమున బాగుచేయించుటకు మాత్రము దారి సుగమముగా లేదు. ప్రతి మునిసిపాలిటీయు, ప్రతి జిల్లాపరిషత్తును క్రొత్త సామానుకొనుటకు కేటాయించు ధనములో కొంతభాగమును మరమ్మతునకే ప్రత్యేకించి, స్థానిక వడ్రంగులకు ఏడాది పొడుగున పని కల్పింపవలెను.

ఇచట మరచిపోబడిన మరియొక వర్గమును పేర్కొనక తప్పదు. మన దేశమున అంధుల పాఠశాలలలో కుర్చీలకు పేము అల్లుట చిరకాలము వృత్తివిద్యగా నేర్పబడినది. కచేరీలలో పేముకుర్చీ లుండినంతకాలము ఆ వ్రేళ్లకు పని యుండెను. కన్నులు లేకున్నను గళ్లు తప్పని యా నేర్పు చూచినవారిని ఆశ్చర్యపరచెడిది. ప్లాస్టికు కుర్చీలు వచ్చి పేముకుర్చీలను వెడలగొట్టినవి. వానితోపాటు ఆ జీవనాధారమును వెడలినది. పడకకుర్చీకి పేము తెగినదని దానిని పారవేయు గృహస్థు, దానిని తిరిగి యల్లగల చేతులు ఊరిలో నున్నవేమో ఒకమారు విచారించినచో ఎంత పుణ్యము!

రంగులోని విషము

ఇక మిక్కిలి జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పాతసామానును బాగుచేసికొనుడని చెప్పుచు, అందలి ప్రమాదమును చెప్పకుండుట ద్రోహమగును. వెనుకటి ఎనామెలు రంగులలో, ముఖ్యముగా నిగనిగలాడు పసుపు, ఎరుపు, పచ్చరంగులలో, సీసపు సమ్మేళనములు విరివిగా కలిపెడివారు. మన దేశమున ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదను నియమము 2016లో వెలువడి, 2017 నవంబరునుండి యమలులోనికి వచ్చినది. కాబట్టి అంతకు పూర్వము రంగువేసిన కిటికీలు, ఉయ్యాలలు, బల్లలు, పిల్లల తొట్లు, వీనియన్నిటి విషయమునను సీసమున్నట్లే భావించి మెలగవలెను.

సీసము పిల్లల మెదడునకు శత్రువు. ఇంత మాత్రము లోనికి పోయిన నష్టము లేదు అనదగిన మేరయే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. పండుగకు ముందు ఇంటిలో గరుకుకాగితముతో పొడిగా రుద్దుచుండగా లేచు సన్నని ధూళి నేలమీద పడును. నేలమీద ప్రాకు శిశువు చేతులనుండి నోటికి చేరును. కావున పాతరంగును పొడిగా రుద్దరాదు, మంటతో కాల్చి లేపరాదు. తడిపి మాత్రమే గీయవలెను, ఆరుబయట చేయవలెను, ముక్కునకు నోటికి తగిన కప్పు ధరింపవలెను, పిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను, రాలినదానిని పొడిచీపురుతో నూడ్వక తడిగుడ్డతో తుడిచి తీసివేయవలెను. రంగు గట్టిగా పట్టుకొనియున్నచో దానిని కదలింపకయే పైన క్రొత్తరంగు పూయుట క్షేమతరము.

భోగిమంటను గూర్చి ఇప్పుడు మరల ఆలోచింపుడు. సీసము మూలధాతువు; మంట దానిని నశింపజేయజాలదు. రంగువేసిన కొయ్యను కాల్చినచో అది కొంత పొగలోనికి పోవును, కొంత బూడిదలో నిలుచును. ఆ పొగచుట్టును మన పిల్లలే చలికాచుకొనుచుందురు. ఆ మంటపై కాచిన నీటితో స్నానము చేయుదుము. కొన్ని యిండ్ల ఆ బూడిదనే నుదుట ధరింతురు. పిడకల బూడిదను ధరించుట వేరు. ఎనామెలు రంగు బూడిదను పసిపాప నుదుట దిద్దుట వేరు. రంగుకొయ్య, ప్లైవుడ్డు, ప్లాస్టికు, రబ్బరు భోగిమంటకు నిషిద్ధములని ప్రతి గృహిణియు నిశ్చయించుకొనవలెను. ఇంతకంటె అత్యవసరమైన మాట ఈ వ్యాసమున మరొకటి లేదు.

ఇంటివారు చేయగల పని

రంగు లేని టేకు సామానునకు ఇంతటి భయము లేదు. దానికి కావలసినది డబ్బుకంటె ఓపిక. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఏండ్ల మురికిని తుడిచి, నీడను ఆరనిచ్చినచో దాని సహజవర్ణము సగము తిరిగివచ్చును. వదులైన కూర్పులను వడ్రంగిచే బిగింపించి, చెదయో పురుగో యున్నదేమో చూపించి, పిమ్మట స్పిరిటులో కరగించిన లక్కపాలిషును పలుచగా, పూతపై పూతగా వేయింపవలెను. అవిసెనూనె పట్టించువారు ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి యంటుకొనగలవు. వానిని విప్పి, ఆరుబయట పరచి ఆరనీయవలెను. నులకమంచమునకు నులక, నవారుమంచమునకు నవారు మార్చుట ఇప్పటికిని అసాధ్యము కాదు. పాతచీరలు బొంతలగును, తెరలగును. ఈ పనులు పండుగ వారమునకు వాయిదా వేయక కార్తికమాసముననే మొదలిడినచో పనివానికి తీరికయు, మనకు నెమ్మదియు కలుగును.

అలంకారములకై దూరము పోనక్కరలేదు. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి లక్కరంగులు పూసిన బొమ్మలు 2017లో భౌగోళిక గుర్తింపు పొందినవి. చెట్లనుండి తీసిన రంగులను అచట తిరిగి వాడుకలోనికి తెచ్చుటకై పాటుపడిన సి. వి. రాజుగారిని కేంద్రప్రభుత్వము 2023లో పద్మశ్రీతో గౌరవించినది. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి బొమ్మలు, నిర్మల చిత్రములు, బందరు కలంకారి తెరలు మన యింటి గోడకును గూటికిని శోభ తేజాలవా?

ఈ విషయమున మనకు ఉపదేశము చేయదగినది మన పండుగలోనే యున్నది. భోగినాడు తెల్లవారుజామున మంట. ఆ సాయంత్రమే యనేక గృహములలో బొమ్మలకొలువు. కొలువులో నిలుచునవి యేవి? అమ్మమ్మనాటి కొండపల్లి యేనుగు, తొండము విరిగి యతికించిన వినాయకుడు, రంగు వెలిసిన రాజు, రాణి. ఏడాదంతయు పెట్టెలో పాతగుడ్డల నడుమ నిదురించిన యా బొమ్మలను తీసి, తుడిచి, మెట్టుమెట్టునను నిలిపి, పేరంటాండ్రను పిలిచి చూపింతుము. ఏటేట ఒక క్రొత్తబొమ్మను మాత్రము చేర్తుము. పాతదానిని గెంటివేయక క్రొత్తదానికి చోటిచ్చుట యెట్లో మన ఆడపడుచులు తరతరములుగా మెట్లు కట్టి చూపుచునేయున్నారు. ఆ నీతియే యింటికెల్ల వర్తించునుగాక! మంటకు పిడకలు చాలును. తాతగారి కుర్చీని వడ్రంగియొద్దకు పంపుడు.